తొక్కే నేల, తోసే నేల, మోసే నేల

ఆగస్టు 4, సోమవారం

ఈ నోటుబుక్కు మా బావగారి ప్రెస్సులో తడిసినవాటిలో ఒకటి. అత్తయ్య వెళ్ళి ఓ పాతిక తెచ్చి డాబా మీద ఆరేసింది. ఆరాక ఒక్కొక్కటీ అలిగినవాళ్ళ మొహంలా ఉబ్బింది. "పారేయడమెందుకు, రాసుకో. రాతకోతలన్నీ నీవేగా" అని నా ముందు పడేసింది. దెప్పిందో దయ చూపించిందో అర్థం కాలేదు. మా అత్తయ్య దగ్గర ఆ రెండూ ఒకే గిన్నెలో ఉంటాయి.

జరిగింది ఒకసారి రాసి పడేస్తే మనసు కుదుటపడుతుందేమో. శనివారం తెల్లవారుజామున ఎగువన కొండవాలు మీద పెద్ద వాన. ఏట్లో నీళ్ళు ఎప్పుడు ఎంత వస్తాయో ముందుగా చెప్పడం నా ఉద్యోగం. కంప్యూటరు లెక్క చూసి, పొద్దున పదింటికి ఏరు పొంగి దిగువ వీధిలోకి వస్తుందని చెప్పాను. వీధి వీధంతా సామాన్లు మేడలెక్కించుకుంది. మా బావగారు, అంటే ఈయనకి అన్నగారు, స్కూళ్ళకి ఇవ్వాల్సిన నోటుబుక్కులూ వాటికి పెట్టుకున్న కాగితమూ మొత్తం పైకి మోయించారు. పదైంది. రాలేదు. పన్నెండైంది. రాలేదు. అందరూ తొందరపడి దించుకున్నారు. మూడున్నరకి వచ్చింది.

అంతే. ప్రాణాలకేం కాలేదు. సామాన్లు పోయాయి. బావగారి కాగితమంతా ముద్దయింది.

తప్పు వానది. కాకపోతే కంప్యూటరుది.

ఆగస్టు 5

బస్సెక్కితే కండక్టరు, "ఎక్కడ దిగుతారు మేడం, పది గంటల దగ్గరా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఊళ్ళో నాకు 'పదిగంటలమ్మ' అని పేరు పెట్టారట. పేరు బాగానే ఉంది. నాకేం బాధ లేదు.

ఆగస్టు 6

నాకేం బాధ లేదు.

ఆగస్టు 9, శనివారం

బావగారు వచ్చారు, వాళ్ళమ్మని చూడటానికి. నేను గుమ్మంలోనే ఉన్నాను. నన్ను దాటుకుని లోపలికి చూస్తూ, "అమ్మా, తలుపు దగ్గర ఎవరో ఉన్నారు, కొంచెం పక్కకి జరగమను" అన్నారు. పదహారేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నాను, ఇప్పుడు 'ఎవరో' అయ్యాను.

అత్తయ్య ఊరుకుంటుందా? "ఏమ్మా ఎవరో, మా పెద్దవాడు జరగమంటున్నాడు" అంది. నేను జరిగాను. టీ ఇచ్చాను. "అమ్మా, టీ బాగుందని చెప్పు." "ఏమ్మా ఎవరో, టీ బాగుందట." నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. అక్కడికెళ్ళాక మాత్రం నవ్వు రాలేదు.

ఈయన కళ్ళజోళ్ళ కొట్టు నుంచి రాగానే మొత్తం చెప్పాను. "మా అన్నయ్య ఒక కన్ను, నువ్వొక కన్ను. నేను ఏ కంటికి అద్దం పెట్టను చెప్పు" అన్నారు. ఎప్పుడూ ఇంతే. గోడ మీద పిల్లికైనా ఒక్కోసారి ఏదో ఒక వైపు దూకాలనిపిస్తుంది, ఈయనకి అదీ ఉండదు.

కాగితం పోతే అంత కోపమా? వరదకి పోయింది, నేను తీసుకుపోయానా?

ఆగస్టు 12

ఆఫీసులో పంచాయితీ. మా ఆఫీసరు మంచాయన, భయస్థుడు. భయం వల్లే మంచాయనేమో కూడా. నన్ను పిలిచి, "అమ్మా, ఈసారి వానొస్తే ఏం చెప్తాం? నిజంగానే పదింటికి వస్తుందన్నా జనం నమ్మరు. సామాన్లతో పాటు మనుషులు కూడా కిందే ఉండిపోతే?" అన్నారు.

పేరు పెట్టడం, నవ్వడం సరే. నేను ఈసారి సరిగ్గా చెప్పినా ఎవరూ మెట్లెక్కకపోతే? వానలు అక్టోబరు దాకా ఉన్నాయి.

అప్పుడు మొదటిసారి ఆ కంప్యూటరు లెక్కలో లోపల ఏముందో తెరిచి చూశాను. ఆరేళ్ళుగా వాడుతూ ఇప్పుడు చూడటం సిగ్గుచేటే. ఎగువనున్న నేలనంతా ఒకే ముద్ద చేసి, సగటు వాలు ఇంత, సగటు మట్టి ఇంత అని తీసుకుంటోంది. వాన ఎక్కడ పడినా దానికి ఒకటే. మా అత్తయ్య గంటకి రెండువేల మాటలు, ఈయన గంటకి రెండు. సగటున ఇద్దరూ గంటకి వెయ్యి చొప్పున మాట్లాడతారంటే ఈ ఇల్లు తెలిసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారా?

నేనేం చేశానంటే, వాన నిటారు కొండవాలు మీద పడింది కదా, ఇంకా త్వరగా దిగుతుందని కంప్యూటరు చెప్పిన టైములోంచి మరో గంట తగ్గించాను. అది పదకొండంటే నేను పదన్నాను. నా తెలివి అది.

ఆగస్టు 15

రాత్రి భోజనాల దగ్గర ఈ సగటు గొడవంతా అత్తయ్యకి చెప్పాను. విని, "ఆడలేక మద్దెల ఓడందట ఒకావిడ" అంది. తర్వాత కంచం ఎత్తుతూ, "నీ కంప్యూటరు ఎప్పుడైనా ఆ కొండెక్కిందా?" అంది.

"కంప్యూటర్లు కొండలెక్కవు అత్తయ్యా."

"పోనీ నువ్వు?"

ఎక్కలేదు. జీపులో పోయి వాన గేజీలు చూసి జీపులో దిగడమే. అత్తయ్య ముప్ఫైయేళ్ళు ఆ కొండ ఊళ్ళకి సైకిలు మీద ఉత్తరాలు పంచింది. ఇప్పటికీ అక్కడివాళ్ళు ఆవిణ్ణి 'ఉత్తరాలమ్మ' అంటారు. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి, ఒకే కొండని నమ్ముకుని బతుకుతూ, ఆ మాట మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను నీళ్ళ లెక్కలు చెప్తే ఆవిడకి నిద్రొచ్చేది, ఆవిడ ఉత్తరాల కథలు చెప్తే నాకు.

ఆగస్టు 17, ఆదివారం

బస్సు టాపు మీద సైకిలు వేయించి అత్తయ్య నన్ను కొండకి తీసుకెళ్ళింది. సరిగ్గానే రాశాను, తీసుకెళ్ళింది ఆవిడే. "మోకాళ్ళు అరిగాయత్తయ్యా" అంటే, "అరిగింది మోకాళ్ళేగా, దారి కాదుగా" అంది.

పైన మిట్ట మీద బస్సు దిగాం. విశాలమైన పొలాలు. అత్తయ్య సైకిలెక్కి కూర్చుని గాల్లో కొంగెగరేసుకుంటూ పోతోంది, నేను వెనక పరిగెడుతున్నాను. "ఇది తొక్కే నేల" అని అరిచింది. "ఎంత వానొచ్చినా మర్నాటికి చక్రానికి మట్టంటదు. నెమ్మదిగా లోపలికి లాక్కుంటుంది. ఇక్కడి ఊళ్ళకి ఉత్తరం ఆలస్యమైందే లేదు."

మిట్ట అంచు దాటాక చెట్ల మధ్య నిటారుగా దిగే వాలు. అత్తయ్య దిగి సైకిలు పట్టుకుంది. "ఇది తోసే నేల. కిందనుంచి వస్తే తోసుకుంటూ ఎక్కాలి, పైనుంచి వస్తే పట్టుకుని ఆపుకోవాలి."

అడుగున, పడమటి వైపు, ఏటి మొదట్లో పచ్చగా చదునైన బయలు. చూడటానికి ఎంత హాయిగా ఉందంటే చాప పరుచుకుని పడుకోవాలనిపించింది. నాలుగడుగులు వేశాను. చెప్పు ఉండిపోయింది, కాలు మాత్రం వచ్చింది. అత్తయ్య ఒడ్డున నిలబడి పడీపడీ నవ్వింది. "ఇది మోసే నేల! సైకిలు భుజానేసుకుని దాటాలి. ముప్ఫైయేళ్ళు మోశాను తల్లీ. ఎండాకాలం ఓ రెండు నెలలు తప్ప దీని కడుపు ఎప్పుడూ నిండే ఉంటుంది."

చెప్పు దొరకలేదు. ఒంటి చెప్పుతో బస్సెక్కాను. కండక్టరు ఏదో అనబోయి అత్తయ్య చూపు చూసి ఊరుకున్నాడు.

ఆగస్టు 18

సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఇనుప రింగు, బకెట్లు, సుత్తి. రింగుని నేలలో దిగ్గొట్టి, దాన్లో నీళ్ళు పోసి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూడాలి. టైము చూసే పని అత్తయ్యది.

తొక్కే నేల: బకెట్టు నీళ్ళు, ఇరవై రెండు నిమిషాలు.

తోసే నేల: ఇక్కడ నీళ్ళు జర్రున జారిపోతాయని నా ధీమా. వాలు కదా! రాలిన ఆకులు పక్కకి నెట్టి రింగు కొట్టి పోశాను. అత్తయ్య గడియారం వైపు చూసి తల పైకెత్తేసరికి నీళ్ళు లేవు. "ఏవే? పోయలేదా?" అంది. మళ్ళీ పోశాను. మాయం. మూడు బకెట్లు తాగేసింది ఆ వాలు, ఒక్క చుక్క కిందకి జారనివ్వలేదు. చెట్ల వేళ్ళు, పురుగుల బొరియలు, మెత్తటి మట్టి. మోకాళ్ళ మీద కూర్చుని ఆ రింగులోకి అలా చూస్తూ ఉండిపోయాను.

మోసే నేల: నీళ్ళు పోసీ పోయకముందే రింగు అంచు దాటి పొర్లిపోయాయి. ఇంకింది ఏమీ లేదు. చదును నేల కదా, నీళ్ళు తాపీగా ఇక్కడే కూర్చుంటాయని మేము ఆఫీసులో అనుకునేది. నిండుకుండ తొణకదంటారు. దాన్లో ఇంకో చెంబు పోసి చూడమనండి, ఎవరి కాళ్ళు తడుస్తాయో తెలుస్తుంది.

అంటే మొత్తం తలకిందులు. నిటారు వాలు తాగుతుంది, చదును బయలు కక్కుతుంది. చదువుకున్నదాన్ని నేను, తెలిసింది ఆవిడ సైకిలుకి.

ఆగస్టు 24, ఆదివారం

మరి వాలు తాగిన నీళ్ళు ఎటు పోయాయి? ఆ రోజు మూడున్నరకి వరద వచ్చింది కదా. ఆకాశంలోంచి ఊడిపడలేదుగా.

అత్తయ్యని అడిగాను. వాలు కాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళింది. కొండ అడుగున కాలిబాట. "వాన పడుతున్నప్పుడు ఈ బాట పొడిగానే ఉండేది. వెలిసి ఎండ కాసి, నేను పైనుంచి తిరిగొచ్చే వేళకి బురద. నేను తిట్టుకునేదాన్ని, ఎండలో బురదేమిటి దిక్కుమాలిందని." నిన్న కురిసిన వాన ఇవాళ అక్కడ రాళ్ళ సందుల్లోంచి బుడబుడా వస్తోంది. చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది, ఒక్క మట్టి రేణువు లేదు.

వాలు ముందు తన దాహం తీర్చుకుంటుంది, తర్వాత లోలోపలే నడిపించి కింద వదులుతుంది. అందుకే ఆలస్యం. ఇప్పుడు ఆ వరద శనివారం నాటిది అక్షరం అక్షరం అర్థమైంది. సంతోషంతో అత్తయ్యని గట్టిగా కౌగిలించుకున్నాను. "వదులే, చెమట" అంది గానీ వదిలించుకోలేదు.

బస్సులో వస్తూ అన్నాను, "చూశారా అత్తయ్యా, ఆ లెక్క ఎవరికీ తెలిసే అవకాశమే లేదు. నా తప్పేం లేదు."

అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "వాడికి కోపం పదింటి గురించి కాదు" అంది.

గంటకి రెండువేల మాటల మనిషి ఇంటి దాకా నోరెత్తలేదు.

ఆగస్టు 25

పని ఎక్కువగా ఉంది.

ఆగస్టు 26

పని ఎక్కువగా ఉంది. అయినా ఎవరు ఎప్పుడు దించుకున్నారో నేనేం కాపలా కాశానా?

ఆగస్టు 28

సరే, రాస్తాను. ఈ పుస్తకం ఎవరు చదవొచ్చారు?

ఆ శనివారం రెండింటికి బావగారు ఫోను చేశారు. "అమ్మాయ్, పని ఆగిపోయింది, మంగళవారానికి స్కూలువాళ్ళకి ఇవ్వాలి. కాగితం దించమంటావా? నువ్వు ఊఁ అంటే దించుతాను" అన్నారు. అప్పటికి నా ముందు కంప్యూటరు ఒకటి చెప్తోంది, వంతెన దగ్గర నీటిమట్టం చూపే గేజి ఇంకోటి చెప్తోంది. నీళ్ళు రాలేదు, పోలేదు, నిలకడగా ఉన్నాయి. నాకు ఏమీ తెలీదు. తెలీదు అనొచ్చు. మూడక్షరాలు. కానీ పొద్దుట్నుంచి పదింటికి పదింటికి అని చెప్పి, ఇప్పుడు తెలీదంటే పరువేం కాను? "దించుకోండి బావగారూ, ఇక రాదు" అన్నాను. చాలా ధీమాగా అన్నాను. నా గొంతు నాకే నచ్చింది.

ఆయన ఆ మాట ఎదురింటికి చెప్పారు, ఎదురిల్లు పక్కింటికి. అలా వీధంతా దించుకుంది.

సోమవారం ఆఫీసు నివేదికలో నేను రాసింది: 'ప్రజలు తొందరపడి సామాన్లు దించుకున్నారు.' అది పేపర్లో పడింది. ఆయన చదివారు.

ఈ పుస్తకం మొదటి పేజీలో కూడా అదే రాశాను. తిరగేసి చూశాను ఇప్పుడే. నాకోసం నేను రాసుకునేదాన్లో కూడా అబద్ధమే రాశాను, ఇక నాకంటే గొప్పదెవరు?

ఆగస్టు 29

అత్తయ్యకి చెప్పాను. "తెలుసు" అంది. "ఆ సాయంత్రమే చెప్పాడు వాడు."

"మరి నన్ను అడగలేదేం?"

"ముప్ఫైయేళ్ళు ఉత్తరాలు పంచాను. ఎవరి ఉత్తరం వాళ్ళే విప్పుకోవాలే, మనం విప్పకూడదు."

తర్వాత నా జడ అల్లింది, అడగకుండానే. నేను ఏడ్చాను, ఆవిడ జడ వంకరగా అల్లింది. ఆఫీసుకి అలాగే వెళ్ళాను.

సెప్టెంబరు 3

ప్రెస్సుకి వెళ్ళాను, ఎదురుగా చెప్పుకుందామని. బావగారు మెషీను ఆన్ చేశారు. ఆ మోతలో నేను క్షమించమన్నది నాకే వినపడలేదు. పని కుర్రాళ్ళు అటూ ఇటూ చూశారు. వచ్చేశాను.

సరే, వినకపోతే మానె. ఆయనకి ఇప్పుడు నా ఏడుపు కాదు కావాల్సింది, ఈసారి తడవకుండా ఉండటం. స్కూలువాళ్ళు పెద్దమనసుతో గడువు పెంచారట. కొత్త కాగితం వచ్చింది. అదీ పోతే ప్రెస్సు మూసుకోవడమేనని ఈయన నెమ్మదిగా చెప్పారు. ఈయన చెప్పిన రెండు మాటల్లో ఇవాళ్టివి ఇవే.

సెప్టెంబరు 9

కొత్త మ్యాపు పూర్తయింది. ఎగువ నేలంతా మూడు రంగులు. ఏది ఏ రంగో అత్తయ్య పక్కన కూర్చుని చెప్పింది. "ఆ మలుపు దాకా తొక్కేదాన్ని, అక్కడ దిగేదాన్ని, ఆ వంక దగ్గర భుజానేసుకునేదాన్ని." తర్వాత ఎత్తుల మ్యాపుతో సరిచూస్తే నూటికి తొంభై సరిపోయింది. సరిపోని పది దగ్గర వెళ్ళి చూస్తే ఆరు చోట్ల తప్పు ఎత్తుల మ్యాపుది.

ఆఫీసరు మ్యాపు చూసి, "ఈ పేర్లేంటమ్మా? తొక్కే నేల, తోసే నేల, మోసే నేల? పైవాళ్ళకి పంపాలి కదా, గంభీరమైన పేర్లు పెట్టు" అన్నారు.

"గంభీరమైన పేర్లతోనే కదండీ పది అన్నాం" అన్నాను. ఆయన నవ్వేశారు. పేర్లు ఉండిపోయాయి.

కానీ ఒకటి: ఇది ఒకే ఒక్క వరదకి సరిపోయింది. ఒక్కదానికి సరిపోయిన లెక్కని లెక్కనరు, అదృష్టమంటారు. వాలు కూడా నిండిపోతే ఎలా ప్రవర్తిస్తుందో చూడలేదు. ఆ మాట మ్యాపు కింద రాశాను. పెద్దక్షరాలతో.

సెప్టెంబరు 14

పది రోజులుగా ముసురు. బట్టలు ఆరడం లేదు. ఇల్లంతా తాళ్ళు కట్టాం, ఈయన లుంగీ కిందనుంచి వంగి వంటింట్లోకి పోవాలి.

బయలు పొంగుతోంది. వాలు అడుగున ఊట ఆగడం లేదు.

సెప్టెంబరు 17

ముసురు.

సెప్టెంబరు 18, గురువారం

అక్షరాలు ఎలా వస్తే అలా. ముందునుంచీ రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికి పడమటి గేజి నుంచి కబురు. మోసే నేల మీద కుండపోత. వాలు మీద అంతగా లేదు. పాత కంప్యూటరు లెక్క సాయంత్రం ఆరు అంది, చదును నేల కదా, తాపీగా వస్తుందట. నా మూడు రంగుల లెక్క పదకొండుకీ పన్నెండుకీ మధ్య అంది. బయలు నిండి ఉంది, పడింది పడినట్టే ఏట్లోకి పొర్లుతుంది.

ఆఫీసరు రెండు లెక్కలూ మార్చి మార్చి చూశారు. "అమ్మా, ఇంకో పదిగంటలు మనవల్ల కాదు. ఆఫీసు తరఫున 'జాగ్రత్తగా ఉండండి' అని మాత్రం ఇస్తాను. గంటలు చెప్పాలంటే నీ పేరు మీద నువ్వు చెప్పుకో, నేను అడ్డం రాను." భయస్థుడే, కానీ తన జీపు తాళాలు నా టేబుల్ మీద పెట్టి వెళ్ళారు.

బావగారికి ఫోను. ఎత్తలేదు. మళ్ళీ. ఎత్తలేదు. మూడోసారి కట్ చేశారు. దిగువ వీధిలో ఇంకెవరికి చేసినా, "ఎవరూ, పదిగంటలమ్మేనా? ఈసారి పదకొండా? పోన్లెండి, గంట పెరిగింది" అని నవ్వులు.

ఇంటికి పరిగెత్తాను. కాగితం తీసుకుని నిలబడే రాశాను:

'బావగారికి. ఇవాళ పదకొండుకీ పన్నెండుకీ మధ్య నీళ్ళు మీ వీధిలోకి వస్తాయని నా లెక్క. అంతకంటే కచ్చితంగా నాకు తెలీదు. తప్పైనా కావచ్చు. ఆ రోజు రెండింటికి మీరు ఫోను చేసినప్పుడు కూడా నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి సిగ్గుపడి దించుకోమన్నాను. వీధివాళ్ళు తొందరపడలేదు, నా మాట విని దించుకున్నారు. పేపర్లో పడింది అబద్ధం, అది రాసింది నేనే. ఆఫీసులో ఆ మాట మార్చి రాసి ఇచ్చాను. ఇవాళ పైకెక్కించాక నీళ్ళు రాకపోతే మీరు నన్ను ఏమన్నా పడతాను.'

అత్తయ్య అప్పటికే చెప్పులేసుకుంది. పెట్టె అడుగునుంచి పాత ఉద్యోగపు సంచీ తీసి భుజానేసుకుంది. "జీపుంది అత్తయ్యా" అంటే, "జీపులో వచ్చే ఉత్తరం ఎవడు నమ్ముతాడే" అని సైకిలెక్కింది. పట్టాభిషేకానికి పోతున్నట్టు పోయింది. నేను జీపులో వంతెన దగ్గరి గేజి కాడికి.

ప్రెస్సులో ఏం జరిగిందో తర్వాత అత్తయ్య చెప్పింది. తొమ్మిదిన్నర. మెషీన్లు నడుస్తున్నాయి. వెళ్ళి ఉత్తరం ముందు పెట్టింది. "తర్వాత చూస్తానమ్మా" అన్నారట. "సంతకం కావాలి. చదివాకే సంతకం" అంది. కన్నతల్లి ముసలిది, వానలో ముద్దగా తడిసి, సంచీ వేసుకుని నిలబడితే ఏ కొడుకు కాదంటాడు? విప్పారు. ఒకసారి చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. మెషీను ఆపి, "ఒరేయ్, కాగితం పైకి" అన్నారట.

అంతే. అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్న మనిషి, నన్ను తిట్టడానికి అందరికంటే ఎక్కువ హక్కున్న మనిషి, రీముల కట్టలు భుజానేసుకుని మెట్లెక్కుతుంటే ఎదురుగా సోఫాల కొట్టాయన చూశాడు. "ఏంటన్నా, మళ్ళీ నమ్మావా?" అని నవ్వాడు. బావగారు కిందకి దిగి ఇంకో కట్ట ఎత్తారు. సోఫాల ఆయన నవ్వు సగంలో ఆగింది. తర్వాత ఒక సోఫా కదిలింది. మందుల షాపు పెట్టెలు కదిలాయి. కుట్టుమెషీన్లు. పదిన్నరకి వీధంతా మెట్ల మీదే ఉందట. అత్తయ్య ఇంటింటికీ తలుపు కొట్టింది, ఉత్తరం లేకపోయినా.

నేను వంతెన మీద. పదకొండు. గేజి కర్ర మీద నీళ్ళు అలాగే ఉన్నాయి. పదకొండుంపావు. అలాగే ఉన్నాయి. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దండం పెట్టాను. మరీ వింత కోరిక అది, వరద రావాలని మొక్కుకోవడం. వద్దని కూడా మొక్కుకున్నాను. దేవుడు తల పట్టుకుని ఉంటాడు.

పదకొండున్నరకి నీళ్ళ రంగు మారింది. గడ్డి పోచలు, బురద నురగ. గేజి మీద ఒక గీత మునిగింది. నేను ఊపిరి తీసుకునేలోపు ఇంకోటి. పన్నెండుకి ఎనిమిది నిమిషాలుందనగా దిగువ వీధిలోకి అడుగుపెట్టింది. కింది గదుల్లో ఎవరూ లేరు. ఏమీ లేదు. నీళ్ళు ఖాళీ కొట్లలోకి వెళ్ళి తిరిగాయి.

వంతెన మీద ఒక్కదాన్నే గెంతులేశాను. అటుగా పోతున్న బస్సులోంచి కండక్టరు చూశాడు. చూస్తే చూశాడు.

ఆ తర్వాత, రెండింటికి, ఫోను మోగింది. బావగారు. నెల పదహారు రోజుల తర్వాత.

"అమ్మాయ్."

"చెప్పండి బావగారూ."

"మేడ మీద ఉన్నాం. అమ్మ కూడా ఇక్కడే ఉంది. వీధిలో ఇంకా మోకాళ్ళ లోతు ఉంది. పనివాళ్ళు అడుగుతున్నారు, సాయంత్రానికి దించుకోవచ్చా అని. ఎప్పుడు తగ్గుతుంది?"

నా ముందు మూడు రంగుల మ్యాపు పరిచి ఉంది. వాలు ఇంకా వదలాల్సింది ఎంతుందో, ఈ ముసురుకి అది ఎంత తాగి ఉందో నేను కొలవలేదు. ఏదో ఒక గంట చెప్పొచ్చు. పొద్దున సరిగ్గా చెప్పినదాన్ని, ఇప్పుడు నేనేం చెప్పినా వీధంతా నమ్ముతుంది. నాలిక చివర దాకా వచ్చింది కూడా, ఐదింటికి అని.

"తెలీదు బావగారూ" అన్నాను.

వెనకాల అత్తయ్య ఎవరినో కేకలేయడం వినిపిస్తోంది. నీళ్ళ మోత వినిపిస్తోంది.

"సరేనమ్మా" అన్నారు. "అయితే నీకు తెలిసేదాకా ఒక్క కాగితం కూడా దించను."